రెండు కంపెనీలు, ఒక అబద్ధం

విమానం నడపాలన్న కోరిక మా ఇంట్లో మొదట పుట్టింది నాకు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మాటే ముందు చెప్పాలనిపిస్తోందంటే నా బుద్ధి ఎలాంటిదో మీకు తెలిసిపోతుంది.

ఆర్మూరులో మాది పసుపు ఆడ్తి దుకాణం. రైతులు బండ్ల మీద తెచ్చిన పసుపు దించుకుని, కొనేవాళ్లకు చూపించి, అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారం. మా నాయన, చిన్నాయన కలిసి నడిపేవారు. అందరిదీ ఒకే ఇల్లు, ఒకే వంట. చిన్నాయన కొడుకు నాకంటే ఎనిమిది నెలలు చిన్న. ఎనిమిది నెలలే అయినా నేను అన్నను, వాడు తమ్ముడు. బడికి నా వెనకే వచ్చాడు. నిజామాబాద్ కాలేజీకి నా వెనకే వచ్చాడు. నాకు ఏ కూర ఇష్టమైతే కొన్నాళ్లకు వాడికీ ఆ కూరే ఇష్టమయ్యేది. చిన్నప్పుడు అది నాకు గర్వంగానే ఉండేది.

యాభైల చివర, మేం కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చిన రోజుల్లో, మాక్లూర్ దగ్గర మక్క కోసేసిన చేనులో విమానం దిగిందని బజారంతా గుప్పుమంది. ఇద్దరం సైకిళ్లు వేసుకుని పోయాం. చిన్న విమానం, ఇద్దరు మాత్రమే కూర్చునేది. రెక్కలకు గుడ్డ తొడిగి రంగు పూసి ఉంది. నడిపినాయన ఒడ్డు మీద కూర్చుని, ఎవరో రైతు ఇచ్చిన కాల్చిన మక్క కంకి తింటున్నాడు. పెట్రోలు గొట్టం దగ్గర కారుతోందని, బట్టల సబ్బు ఉంటే ఎవరైనా తెమ్మని అడిగాడు. జనమంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నేను సైకిలెక్కి మాక్లూర్ దుకాణానికి పోయి సబ్బు తెచ్చాను. ఆయన దాన్ని పిసికి, కారే చోట గట్టిగా అదిమాడు. కారడం ఆగింది. సబ్బు తెచ్చినందుకు నన్ను లోపల కూర్చోబెట్టాడు. కర్ర ఎలా పట్టుకోవాలో, కాళ్లతో తోకను ఎలా తిప్పాలో చూపించాడు. ఆ సేపంతా తమ్ముడు రెండు సైకిళ్లూ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

ఆ విమానం చేనులో ఎగిరెగిరి పడుతూ పరుగెత్తి, చింత చెట్ల మీదుగా లేచిపోయింది. నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. బేగంపేటలో విమానం నేర్పే క్లబ్బు ఉందని, ఖర్చులో కొంత సర్కారే పెట్టుకుంటుందని ఆయన చెప్పి పోయాడు. ఆ మాట పట్టుకుని మా నాయన వెంట ఎనిమిది నెలలు పడ్డాను. చివరికి ఆయన ఒప్పుకున్నాడు, కాని ఒక షరతు పెట్టాడు. పట్నంలో ఒక్కణ్ణీ ఉండనీయనని, తోడుగా తమ్ముడు కూడా రావాలని. అలా వాడు విమానాలకు వచ్చింది నాకు తోడుగా. వాడి అంతట వాడు అడిగి రాలేదు.

బేగంపేట దగ్గర ఒక గది తీసుకున్నాం. పొద్దున్నే లేచి క్లబ్బుకు పోయేవాళ్లం. గాలి లేని ఆ వేళ చిన్న విమానాలకు మంచిది. పక్కన గురువు లేకుండా ఒంటరిగా ఎగిరింది మొదట నేనే, తమ్ముడికంటే మూడు వారాల ముందు. ఆ రోజు ఇంటికి కార్డు రాశాను. అయితే నెల తిరక్కుండానే ఒక సంగతి గమనించాను. గురువు నన్ను దించాక ఏదో ఒకటి చెప్పేవాడు. కర్ర గట్టిగా పట్టుకుంటున్నావు, చేతులు సడలించు అనేవాడు. తమ్ముణ్ణి దించాక ఏమీ చెప్పేవాడు కాదు, సిగరెట్టు వెలిగించుకునేవాడు. ఆ సిగరెట్టు వెలగగానే నేను లేచి అవతలికి పోయేవాణ్ణి. వాడు విమానాన్ని నేలకు దించుతుంటే చక్రాలు ఎప్పుడు తగిలాయో తెలిసేది కాదు. నేనూ బాగానే దించేవాణ్ణి. కాని నేను దించుతున్నానని అందరికీ తెలిసేది.

నలభై గంటలు ఎగిరాక, ఉద్యోగం చేసే లైసెన్సు కోసం పెద్ద వైద్య పరీక్షకు ఇద్దరం వెళ్లాం. డాక్టరు ఒక పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. వాటిలో అంకె కనిపిస్తుంది, చెప్పమన్నాడు. మొదటి పేజీలో చెప్పాను. రెండో పేజీలో నాకు చుక్కలే కనిపించాయి. మూడో పేజీలోనూ అంతే. ఆయన పేజీలు తిప్పుతూ పోయాడు. తర్వాత గది చీకటి చేసి చిన్న దీపాలు చూపించాడు. ఆకుపచ్చ దీపాన్ని తెల్లదన్నానట. ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు. కొన్ని రంగులు తెలియకపోవడం జబ్బు కాదని, మందు లేదని, పుట్టుకతో వచ్చిందని, మామూలు బతుక్కు ఏ అడ్డూ ఉండదని, ఉద్యోగ లైసెన్సు మాత్రం రాదని చెప్పాడు. బయట బల్ల మీద తమ్ముడు తన వంతు కోసం కూర్చున్నాడు. వాడు లోపలికి పోయి, పది నిమిషాల్లో పాసై తిరిగొచ్చాడు.

నేను పెట్టె సర్దుకున్నాను. బస్సు దగ్గర వాడు నా పెట్టె కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు లేకుంటె ఈడ నేనేం జెయ్యాలె అన్నా? నేను గూడ వస్త."

వాడు ఆ మాట మనసులోంచే అన్నాడు. రమ్మంటే నిజంగా వచ్చేవాడు. రావాలనే నా లోపల గట్టిగా ఉంది. కాని పక్కన గది యజమాని, క్లబ్బులో మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. అందరి ముందు పెద్దమనిషిలా, నువ్వుండు, పూర్తి చేసి రా అన్నాను. వాడు మళ్లీ ఒకసారి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. పెట్టె బస్సు పైకి అందించాడు.

ఇంటికి వచ్చి దుకాణంలో కూర్చున్నాను. పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూడడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. పసుపు రంగు నాకు అందరిలాగే కనిపిస్తుంది. పని కష్టమేమీ కాలేదు. కష్టమైంది మనుషుల మాటలు. దించే హమాలీ నుంచి కొనే సేటు దాకా, మీ తమ్మి ఎట్లున్నడు, విమానం నడుపుతుండా అని అడగనివాడు లేడు. వాళ్లలో ఒక్కడైనా, నువ్వు గూడ నడిపినవట గద అంటాడేమోనని చూసేవాణ్ణి. అప్పుడప్పుడు నేనే చెప్పుకునేవాణ్ణి. వాళ్లు తలాడించి మళ్లీ వాడి సంగతే అడిగేవారు.

తమ్ముడు లైసెన్సు సంపాదించాడు. అదే క్లబ్బులో రెండేళ్లు నేర్పే పనిలో ఉన్నాడు. పెళ్లయింది. వాడి పెళ్లాం హైదరాబాద్ పిల్ల, మా ఇంటి పెద్దలందరితో కలుపుగోలుగా ఉండేది. నాకూ పెళ్లయింది. వాడి ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం దగ్గర ఉప్పు ఎక్కువైందని, కారం తక్కువైందని వంకలు పెడతానని నా భార్య కనిపెట్టింది. అలాంటి రోజున నాకిష్టమైన పచ్చిపులుసు చేసి పెట్టేది. అది చూస్తే తనకు తెలిసిపోయిందని ఇంకా కోపం వచ్చేది.

నేను విమానాల పత్రిక ఒకటి పోస్టులో తెప్పించుకునేవాణ్ణి. అరవైల మొదట్లో మన దేశానికి జెట్టు విమానాలు వచ్చాయి. వాటి రెక్కలు ఎంత వెనక్కి వాలి ఉంటాయో, ఎంత ఎత్తున పోతాయో, సముద్రం మీద దారి ఎలా లెక్కగడతారో అన్నీ చదివి కంఠతా పట్టాను. అందుకే అరవై మూడులో తమ్ముడికి రెండు కంపెనీల నుంచి రెండు ఉత్తరాలు వచ్చినప్పుడు, వాడు సలహా కోసం నా దగ్గరికే వచ్చాడు.

పసుపు బాగా దిగుతున్న రోజులవి. దుకాణం ముందు బండ్లు నిలిచి, గాలంతా పసుపు దుమ్ముగా ఉంది. వాడు బస్సు దిగి నేరుగా దుకాణానికే వచ్చాడు. మా నాయనకు, చిన్నాయనకు ఉత్తరాలు చూపించాడు. ఒకటి దేశం లోపల ఊళ్లకు తిరిగే కంపెనీ. మరొకటి సముద్రం దాటి పోయే కంపెనీ. చిన్నాయనకు రెండో మాట వినగానే మొహం వెలిగిపోయింది. లండన్ అనే మాటను ఆయన ఆ సాయంత్రం లోపు బజారులో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. చిన్నమ్మ మాత్రం నీళ్ల మీద పోయే విమానం చెడిపోతే ఏ చేనుల దిగుతరు బిడ్డా అని అడిగింది. మరదలు మూడో నెల కడుపుతో ఉందట, హైదరాబాద్‌లో పుట్టింట్లోనే ఉందట. ఆమె ఏమంటుందని అడిగితే, నీ ఇష్టమన్నదని చెప్పాడు.

మరునాడు పొద్దున ఇద్దరం సిద్ధుల గుట్ట ఎక్కాం. చదువుకునే రోజుల్లో పరీక్షల ముందు అక్కడే కూర్చునేవాళ్లం. నల్లటి బండల మధ్య నీడ చూసుకుని కూర్చున్నాక వాడు జేబులోంచి ఒక కాగితం తీశాడు. దాని మీద రెండు కంపెనీల సంగతులూ రాసుకొచ్చాడు.

దేశం లోపలి కంపెనీలో చేరితే హైదరాబాద్‌లోనే ఉద్యోగం. నడపవలసింది రెండు పంకాల డకోటా, యుద్ధం నాటి పాత బండి. ఎండాకాలం మేఘాల కిందే పోవాలి, లోపల అందరికీ వాంతులే. కాని మనుషులు తక్కువ, విమానాలు ఎక్కువ. నాలుగైదేళ్లలో ఎడమ సీటు వస్తుంది, అంటే కెప్టెన్ అవుతాడు. ఎక్కువ రోజులు మాపటికల్లా ఇంటికి చేరొచ్చు. సెలవు రోజున బస్సెక్కితే ఆర్మూరు వచ్చి అమ్మానాయనలను చూసిపోవచ్చు.

సముద్రం దాటే కంపెనీ అయితే బొంబాయిలో కాపురం. మొదట నావిగేటర్ పరీక్ష పాసవ్వాలి. నక్షత్రాలు చూసి, లెక్కలు కట్టి దారి చెప్పే పని. ఆ తర్వాత కుడి సీటు. వాడి ముందు వరసలో ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఎడమ సీటుకు పదేళ్లు పట్టవచ్చు, పన్నెండేళ్లు పట్టవచ్చు. ఇంటి నుంచి ఒకసారి పోతే పది, పన్నెండు రోజులు. కాని జీతం ఎక్కువ. పైగా నడిపేది జెట్టు. మేఘాలు ఎక్కడో కింద ఉండిపోతాయి.

వాడు అన్నీ న్యాయంగా రాసుకొచ్చాడు, ఏ వైపూ మొగ్గలేదు. నేను వింటున్నాను. లోపల నాకు ఏ అనుమానమూ లేదు. నా చేతికి ఆ రెండో ఉత్తరం వచ్చి ఉంటే కాగితం రాసేవాణ్ణే కాదు, ఆ బస్సుకే బొంబాయి పోయేవాణ్ణి. పదేళ్లు కాదు, ఇరవై ఏళ్లు కుడి సీట్లో కూర్చోమన్నా కూర్చునేవాణ్ణి. ఆ జెట్టు లోపల ఏ మీట ఎక్కడ ఉంటుందో వాడికంటే నాకే బాగా తెలుసు.

వాడు కాగితం మడిచి నన్ను అడిగాడు.

"నువ్వు నా జాగల ఉంటె ఏం జేస్తుంటివే అన్నా? నిజం జెప్పు. నువ్వేది జెప్తె గది జేస్త."

వాడు బొంబాయిలో నీలం కోటు వేసుకుని జెట్టు మెట్లు ఎక్కుతున్నట్టు నాకు కనిపించింది. ఇక్కడ దుకాణంలో, బస్తాల మధ్య, ప్రతివాడూ వచ్చి మీ తమ్మి ఇప్పుడు ఏ దేశంల ఉన్నడు అని అడుగుతున్నట్టు కనిపించింది. ఎన్నేళ్లు? నా జీవితమంతా.

"నేనైతె హైదరాబాద్‌లనే ఉంటుంటి," అన్నాను. "గా జెట్టుల పదేండ్లు పక్కసీట్ల కూసునుడు ఏం బతుకు? ఈడ నాలుగేండ్లల్ల నీ విమానానికి నువ్వే మాలిక్‌వి. ఇల్లు, పిల్లలు, అమ్మ, అందరు దగ్గర ఉంటరు."

చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. అందుకే అది అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. ఒక్క 'నేనైతే' అన్న మాట అబద్ధం. వాడు అడిగింది ఆ ఒక్క మాటే.

వాడు కాసేపు కింద ఊరి వైపు చూశాడు. సరే అన్నాడు. మొహంలో బరువు దిగినట్టు కనిపించింది. ఆ మధ్యాహ్నమే బొంబాయి కంపెనీకి, రాలేనని జవాబు రాశాడు. వాడి బస్సుకు వేళవుతోందని, కవరు నాకిచ్చి పోస్టులో వేయమన్నాడు. పోస్టాఫీసు మా దుకాణానికి ఎంతో దూరం లేదు. డబ్బా ముందు నిలబడి కవరు మీది చిరునామా రెండుసార్లు చదివాను. ఒక రోజు ఆపుదామా, వాడికి ఇంకో ఉత్తరం రాసి నిజం చెబుదామా అని ఆలోచన వచ్చింది. అది వచ్చిందని ఒప్పుకోవాలి, ఎందుకంటే రాకపోతే నా తప్పు కొంత తగ్గేది. కవరు డబ్బాలో వేశాను. ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ హాయి ఒక వారం ఉంది. ఆ తర్వాత నాకు కొత్త బాధ మొదలైంది. జెట్టు పోయినా వాడికి మిగిలింది తక్కువేమీ కాదని తెలిసొచ్చింది. నాగ్‌పూర్ పోయే విమానం కొన్ని రోజులు మా ఊరి మీదుగా పోయేది. పసుపు ధర కోసం సేట్లు రుమాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తున్న సమయంలో ఆ చప్పుడు వినిపిస్తే చిన్నాయన లేచి బయటికి వచ్చి చేయి అడ్డం పెట్టుకుని చూసేవాడు. బేరం ఆగిపోయేది. అందులో వాడు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు, అయినా అందరూ చూసేవారు. నేను లోపలే కూర్చుని తూకం రాళ్లు సర్దేవాణ్ణి. ఇంజన్ల చప్పుడు విని అది డకోటా అవునో కాదో నేను చెప్పగలను. ఎవరూ నన్ను అడగలేదు.

మరదలికి ఆడపిల్ల పుట్టింది. నెలకోసారి అందరూ ఆర్మూరు వచ్చేవారు. ప్రతి ఏడూ ఉగాదికి ఆమె నాకు ఒక చొక్కా గుడ్డ తెచ్చేది. మొదటిసారి ఇచ్చినప్పుడు, ఎందుకమ్మా అంటే, తలుపు పక్కన నిలబడి చెప్పింది.

"మీరు జెప్పబట్టే ఆయన ఈడ ఉన్నరు బావగారు. నేను నోరు తెరిచి బొంబై వద్దనలేకపోయిన. మీ పేరు మీద రోజు దండం పెట్టుకుంట."

ఆ గుడ్డలు నేను కుట్టించుకోలేదు. పెట్టెలో అడుగున ఉండేవి. నా భార్య ఒకసారి తీసి, మంచి గుడ్డ గదా, ఎందుకు తొడుక్కోవని అడిగింది. నేను తీసుకుని మళ్లీ అడుగునే పెట్టాను.

నాలుగేళ్లు అలా గడిచాయి. వాడు ఇంకా కుడి సీట్లోనే ఉన్నాడు, ఎడమ సీటుకు పరీక్షలు జరుగుతున్నాయి. ఒకసారి ఒంటరిగా ఆర్మూరు వచ్చాడు. బేరాలు అయిపోయి, దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. బస్తాల మీద కూర్చుని ఒక సంగతి చెప్పాడు. క్లబ్బులో మాతో నేర్చుకున్న ఒకతను బొంబాయి కంపెనీలో చేరాడు. ఈ మధ్య హైదరాబాద్ వచ్చి వాడి ఇంట్లో భోజనం చేశాడట. జెట్టులో తెల్లవారుజామున సముద్రం మీద పోతుంటే కింద ఇంకా చీకటిగానే ఉంటుందని, పైన ఆకాశం నీలం దాటి నల్లగా అవుతుందని, ఇంజన్లు ఎక్కడో వెనక ఉండిపోయి ముందు గదిలో ఇంట్లో కూర్చున్నంత నిశ్శబ్దంగా ఉంటుందని చెప్పాడట. తమ్ముడు ఇవన్నీ చెబుతూ చేతిలో పసుపు కొమ్మును అటూ ఇటూ తిప్పుతున్నాడు. చివర, పోనీలే, మనం మంచిపనే చేసినం అని నవ్వాడు.

మనం అన్నాడు. నేను చూస్తే, వాడి మొహంలో ఉన్నది నాకు బాగా తెలిసిన ఆకలి. ఎనిమిదేళ్లుగా అద్దంలో చూసుకుంటున్నదే. దాన్ని వాడికి అంటించింది నేను. సంతోషం కలగాలి కదా, నేను కోరుకున్నది అదే కదా. కలగలేదు. వాడి ఆకలి కూడా నాకంటే గొప్పదనిపించింది, ఎందుకంటే వాడికి అది చేతిదాకా వచ్చి పోయింది.

ఇక ఆగలేక చెప్పేశాను.

"ఆనాడు గుట్ట మీద నీకు అబద్ధం జెప్పిన. నేనైతె బొంబై పోతుంటి."

వాడికి వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఎందుకట్ల చెప్పినవని అడిగాడు. గొంతు పెంచలేదు.

"నువ్వు జెట్టు నడుపుతుంటె నేను సూడలేకపోతుంటి."

వాడు చేతిలోని కొమ్మును బస్తా మీద పెట్టాడు. ప్యాంటుకు అంటిన పసుపు దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు, అది పోయేది కాదని తెలిసి కూడా. తర్వాత అన్నాడు.

"నువ్వు అబద్ధమాడుతున్నవని నాకు గప్పుడు తెల్వలే. తెలిస్తె నేను పోతుంటి అన్నా."

నాలుగు గంటల బస్సు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఇంట్లో చిన్నమ్మ వాడి కోసం సర్వపిండి కాలుస్తోంది. తినకుండానే పోయాడు.

తర్వాత చిన్నాయన ద్వారా తెలిసింది, వాడు బొంబాయి కంపెనీకి మళ్లీ రాశాడట. వాళ్లు తీసుకునే వయసు దాటిపోయిందని రెండు వరసల జవాబు వచ్చిందట. చిన్నాయనకు లోపలి కథ తెలియదు. ఇప్పుడెందుకు రాసిండో వీడు అని ఆశ్చర్యపోతూ నాతోనే చెప్పాడు. నేను తలాడించాను.

ఒకటిన్నర ఏడు వాడు ఆర్మూరు రాలేదు. డ్యూటీలు ఎక్కువని ఉత్తరాలు వచ్చేవి, చిన్నాయన పేరు మీద. ఆ ఉగాదికి మరదలు పిల్లను తీసుకుని ఒక్కతే వచ్చింది. చొక్కా గుడ్డ తేలేదు. పోయేముందు నేను ఒంటరిగా ఉన్న సమయం చూసి పెరట్లోకి వచ్చింది. ఏం తిడుతుందో తిట్టనీ అనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"గా మాట మీరు జెప్పకుండ ఉండేది బావగారు," అంది. "ఆనాడు జెప్పినదాని గురించి గాదు నేననేది. మొన్న జెప్పిన దాని గురించి. ఆయన మంచిగ ఉండె. ఇప్పుడు విమానం దిగి ఇంటికొస్తె ఎవరో బలవంతాన కూసోబెట్టినట్టు కూసుంటున్నరు."

నిజం చెప్పి బరువు దించుకున్నానని అప్పటిదాకా అనుకుంటున్నాను. ఆమె పోయాక బావి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. అబద్ధం చెప్పినప్పుడు వాడి జెట్టు తీసేసుకున్నాను. నిజం చెప్పినప్పుడు వాడికి మిగిలిన డకోటాను కూడా తీసేసుకున్నాను. మొదటిది అసూయతో చేశాను. రెండోది పశ్చాత్తాపంతో చేశానని అనుకున్నాను కాని, అందులో కూడా, వాడు సుఖంగా ఉన్నాడే అన్న మంట కొంచెం లేకపోలేదు. ఎంత ఉందో ఇప్పటికీ తేల్చుకోలేను.

వాడు కెప్టెన్ అయిన సంగతి మాకు ఉత్తరంలో తెలిసింది. చిన్నాయన బజారులో పేడాలు పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. నేను వాడికి నాలుగు మాటలు రాద్దామని కార్డు తీసి, సంతోషమని మొదలుపెట్టి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఆ కార్డు దుకాణం పుస్తకాల మధ్య చాలా రోజులు ఉండి, ఎక్కడో పోయింది.

అరవైల చివర ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాడు ఎవరికీ చెప్పకుండా దుకాణం మెట్లెక్కి వచ్చాడు. కొంచెం ఒళ్లు చేశాడు. చెవుల దగ్గర జుట్టు పలచబడింది. మా నాయన కాళ్లకు మొక్కి, వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. హమాలీలు బస్తాలు మోస్తున్నారు. నేను నీళ్లు తెప్పించాను. తాగి, చెంబు పక్కన పెట్టి, నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"కొన్ని దినాలు ఈడ ఉన్నదే మంచిగైంది అనిపిస్తది. కొన్ని దినాలు ఖరాబైంది అనిపిస్తది. ఖరాబైందనిపించిన దినం నీ మొఖం సూడబుద్ది గాదు. ఇయ్యాల గట్ల లేదు. గందుకే వచ్చిన."

నేను క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుంటున్నాను. వాడు అడగనీయలేదు. కొత్తగా వస్తున్న విమానాల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వాడి కంపెనీకి ఇంకొన్ని జెట్లు వస్తున్నాయట, చిన్నవి, ఊరికీ ఊరికీ మధ్య తిరిగేవి. వాటికి శిక్షణ కోసం వాడి పేరు కూడా పంపారట, వస్తుందో రాదో తెలియదట. నా పత్రికలో ఆ విమానం బొమ్మ వచ్చిందని, ఇంజన్లు తోక దగ్గర ఉంటాయని చెప్పాను. అవును, నీకు తెలుస్తదనుకున్న అన్నాడు. ఒక గంట అదే మాట్లాడుకున్నాం. నేను అడిగిన ప్రశ్నల్లో రెండింటికి వాడి దగ్గర జవాబు లేదు. అందుకు నాకు కలిగిన తృప్తి వాడికి కనిపించకుండా దాచుకున్నాను.

ఇంటికి పోయి అన్నం తిన్నాం. నా భార్య పచ్చిపులుసు చేసింది. వాడు రెండుసార్లు వేయించుకున్నాడు. సాయంత్రం బస్సు దాకా వాడితో నడిచాను. దారిలో కనిపించినవాళ్లంతా ఆగి వాడిని పలకరించారు, కెప్టెన్ సాబ్ అన్నారు. వాడు ప్రతి ఒక్కరితో నిలబడి మాట్లాడాడు. నేను పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాను.

బస్సు కిటికీలోంచి, పత్రికలో ఆ చిన్న జెట్టు గురించి ఇంకేమైనా వస్తే రాయమన్నాడు. రాస్తానన్నాను. రాశాను కూడా. వాడి పేరు ఆ శిక్షణకు వచ్చింది, పోయాడు, నేర్చుకున్నాడు. వాడు ఇప్పటికీ కొన్ని రోజులు బొంబాయి గురించి బాధపడతాడు, వాడే చెబుతాడు. ఆ మాట విన్న ప్రతిసారీ తప్పు నాదని తల వంచుకుంటాను. తల వంచుకునే ఇంకొకటి అనుకుంటాను. వాడి ముందు రెండు దారులు నిలబడి ఒకటి ఎంచుకోమన్నాయి. ఎంచుకోని దాని కోసం బాధపడే హక్కు వాడికి ఉంది. నాకు ఆ బాధ కూడా లేదు. దానికి కూడా నాకు వాడి మీద అసూయే.